ఎడమామే చిరుతిండిగా మంచిదేనా? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆహారం గురించి సలహాలు చెప్పే పని నాది. కొన్నేళ్ల కిందట ఎడమామే మాట ఎత్తినవాళ్లు లేరు. ఇప్పుడు విశాఖలో చదివే పిల్లలు సెలవులకు వస్తూ ఫ్రీజర్ ప్యాకెట్లు తెస్తున్నారు. ఫోన్లో వీడియో చూసిన అత్తగారు కోడల్ని అడుగుతున్నారు, కోడలు నన్ను అడుగుతోంది. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఎవరు అడిగినా అవే అనుమానాలు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

అసలీ ఎడమామే అంటే ఏటండీ? చిక్కుడా, బఠాణీయా?

రెండూ కాదు. ఇది సోయా. కాయ ముదిరి ఎండకముందే, గింజ నిండుగా పాలుపట్టి పచ్చగా ఉన్నప్పుడు కోసిన సోయా కాయ. జపాన్ భాషలో 'ఎడ' అంటే కొమ్మ, 'మామే' అంటే గింజ. కొమ్మతో సహా కోసి ఉడికించేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే, సంక్రాంతి రోజుల్లో పచ్చి కందికాయలు ఉప్పు నీళ్లలో ఉడకేసుకుని ఒలుచుకు తింటాం చూడండి, జపాన్ వాళ్లు సోయా కాయను సరిగ్గా అలాగే తింటారు. కాయ పైన సన్నని నూగు ఉంటుంది. తొక్క నమిలినా నలగదు, దాన్ని పారేయాలి. లోపల రెండు మూడు గింజలు ఉంటాయి. కాస్త తీపి, కాస్త పచ్చి వేరుశనగ కమ్మదనం.

ఎండు సోయా గింజలు రాత్రి నానబెడితే ఎడమామే అయిపోదా?

అవదు. ఎండు గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది తప్ప మళ్లీ లేతది కాదు. ముదిరేకొద్దీ గింజలో చక్కెర తగ్గి నూనె, ప్రొటీన్ పెరుగుతాయి. కడుపులో గ్యాస్ పుట్టించే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కూడా పెరుగుతాయి. అందుకే నానబెట్టిన ఎండు సోయాకి ఆ తీపి రాదు, పచ్చి వాసన పోదు, అరగడమూ కష్టమే. ఎండు సోయాను గోధుమలతో కలిపి పిండి పట్టించుకోండి, దాని పని అది.

మన ఊళ్లలో దొరుకుతుందా? విశాఖ నుంచి తెస్తే దారిలో పాడవదా?

తాజా కాయ మన రైతుబజార్లలో నేను చూడలేదు. దొరికేదంతా గడ్డకట్టించిన ప్యాకెట్లే. పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో ఉంటాయి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. గడ్డకట్టించినది అంటే తక్కువ రకం అని అనుకోకండి. ఈ కాయ కోసిన కొద్ది గంటల్లోనే తీపి తగ్గడం మొదలవుతుంది. అందుకే వెంటనే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. పోషకాలు చాలావరకు అలాగే నిలుస్తాయి.

విశాఖ నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం వంద దాటుతుంది. వేసవిలో మామూలు సంచిలో వేసి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి కరిగిపోతుంది. థర్మోకోల్ పెట్టెలో పెట్టో, చల్లదనం నిలిపే సంచిలో పెట్టో తెచ్చుకోండి. అంచులు కాస్త మెత్తబడి లోపల ఇంకా గట్టిగా, చల్లగా ఉంటే ఫ్రీజర్లో పెట్టేయవచ్చు. పూర్తిగా కరిగి ఇంకా చల్లగానే ఉంటే ఆ రోజే ఉడికించి తినేయండి. వెచ్చబడిపోతే మాత్రం ఆశ పడకండి. కొనేటప్పుడే ప్యాకెట్ నొక్కి చూడండి. కాయలు విడివిడిగా కదలాలి. ఒకే ముద్దలా ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

ప్యాకెట్ మీద 400 గ్రాములని ఉంది. ఒలిస్తే చిన్న గిన్నెడే వచ్చింది. మోసమా?

మోసం కాదు, తొక్క బరువు. కాయల బరువులో గింజలు దాదాపు సగమే. 400 గ్రాముల కాయలు ఒలిస్తే 200 గ్రాములకు కాస్త అటూ ఇటూగా గింజలొస్తాయి. ధర పోల్చేటప్పుడు ఈ సంగతి మర్చిపోతే లెక్క తప్పుతుంది. ఒలిచిన గింజల ప్యాకెట్ ఖరీదెక్కువ అనిపిస్తుంది గాని, గింజకు గింజ లెక్కేస్తే కొన్నిసార్లు అదే చవక. వెనక పోషకాల పట్టిక గింజలకా, తొక్కతో కలిపిన బరువుకా అన్నదీ చదవండి.

సోయా అంతా జన్యుమార్పిడి పంటే అంటున్నారు. భయపడాలా?

మన దేశంలో జన్యుమార్పిడి సోయా సాగుకు అనుమతి లేదు. రైతులు వాణిజ్యపరంగా సాగు చేస్తున్న అనుమతి పొందిన జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే. 2021లో పశువుల, కోళ్ల దాణా కోసం జన్యుమార్పిడి సోయా పిండిని దిగుమతి చేసుకోనిచ్చారు. ఆ వార్త నుంచే చాలామందికి ఈ అనుమానం పుట్టింది. ఫ్రీజర్ ఎడమామే చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చినదే ఉంటుంది కనుక, పట్టింపు ఉన్నవాళ్లు ఏ దేశంలో పండిందో ప్యాకెట్ మీద చూసి కొనుక్కోవచ్చు.

## పోషకాల లెక్క

ఒక గిన్నెడు తింటే ఒంటికి ఏం అందుతుంది?

ఉడికించి ఒలిచిన గింజలు 100 గ్రాములు తీసుకుందాం. సుమారు 120 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల కొవ్వు, 9 గ్రాముల పిండిపదార్థం. ఆ తొమ్మిదిలో ఐదు గ్రాములు పీచే. ఫోలేట్ అనే బి విటమిన్ 310 మైక్రోగ్రాములు, పొటాషియం 430 మిల్లీగ్రాములు పైన, మెగ్నీషియం 64, కాల్షియం 63, ఇనుము 2.3 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్ లేదు. ఉప్పు వేయకుండా ఉడికిస్తే సోడియం దాదాపు లేనట్టే.

సాయంత్రం ఒక మనిషికి 75 గ్రాముల గింజలు చాలు. అంటే తొక్కతో 150 గ్రాముల కాయలు. దానికి 90 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీన్. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు. ఒక్క చిరుతిండితో అందులో ఐదో వంతు దాకా అందడం చిన్న విషయం కాదు. మనం సాయంత్రం పూట సాధారణంగా తినే బజ్జీ, మిక్చర్, బిస్కెట్లలో నూనె, పిండి ఉన్నంతగా ప్రొటీన్ ఉండదు. నేను ఎడమామేను మెచ్చుకునేది ముఖ్యంగా ఈ కారణంగానే. మన పళ్లెంలో అన్నానికి కొరత లేదు, ప్రొటీన్‌కే కొరత.

ప్రొటీన్ కావాలంటే గుడ్డు ఉంది కదా, ఇదెందుకు?

గుడ్డు తినేవాళ్లకు గుడ్డే చవక, సులువు. కాదనను. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రెండు గుడ్లూ, 100 గ్రాముల ఎడమామే గింజలూ ప్రొటీన్ లెక్కలో సమానం. గుడ్డులో బి12 ఉంది, ఎడమామేలో లేదు. ఎడమామేలో పీచు ఉంది, గుడ్డులో బొత్తిగా లేదు. గుడ్డు ముట్టని ఇళ్లలో మాత్రం దీని విలువ పెరుగుతుంది. ఎందుకంటే శరీరం సొంతంగా తయారుచేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ తగిన పాళ్లలో ఉన్న పప్పుజాతి గింజలు అరుదు, సోయా వాటిలో ఒకటి. మెథియోనిన్ ఒక్కటే కాస్త తక్కువ. అది వరిలో, చోళ్లలో (రాగుల్లో) ఉంది. పొద్దున చోడి అంబలి, సాయంత్రం ఎడమామే అయితే ఆ లోటు ఇంట్లోనే తీరిపోతుంది.

మన పచ్చి కందికాయల కన్నా ఇది గొప్పదా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. అడిగినవాళ్లకు మన తిండి మీద మమకారం ఉందని తెలుస్తుంది.

ఉడికించిన పచ్చి కంది గింజలు 100 గ్రాముల్లో సుమారు 110 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, 19 గ్రాములు పైన పిండిపదార్థం, ఒకటిన్నర గ్రాముల లోపు కొవ్వు ఉంటాయి. కేలరీలు ఇంచుమించు సమానమే, ప్రొటీన్ మాత్రం ఎడమామేలో రెట్టింపు. ఫోలేట్‌లోనూ ఎడమామేదే పైచేయి. విటమిన్ సిలో కందికాయ గెలుస్తుంది, ఎడమామేలో అది 6 మిల్లీగ్రాములే.

కాబట్టి ప్రొటీన్ కోసం వెతుకుతుంటే ఎడమామే మెరుగు. కాని చలికాలంలో మెట్ట పొలాల నుంచి పొద్దున్నే కోసుకొచ్చిన కందికాయలు సంతలో కనిపిస్తుంటే వాటిని దాటి ఫ్రీజర్ ప్యాకెట్ కోసం వెళ్లమని నేను చెప్పను. కంది సీజన్ రెండు నెలలు. ఆ రెండు నెలలూ కందికాయలు కడుపారా తినండి. వాటి తర్వాత పచ్చి బొబ్బర్లు, చిక్కుడు గింజలు, నానబెట్టిన శనగల గుగ్గిళ్లు ఉన్నాయి. ఉడికించిన శనగల్లో 100 గ్రాములకు దాదాపు 9 గ్రాముల ప్రొటీన్ ఉంది, అదేం తక్కువ కాదు. ఎడమామేను ఈ వరసలో ఇంకో కాయగా చేర్చుకోండి. వీటిని నెట్టేసి దాన్ని తెచ్చుకోవద్దు.

పలాస జీడిపప్పు, ఉడకేసిన శనక్కాయలు మానేసి ఇది తినాలా?

మానక్కర్లేదు, కొలత తెలిస్తే చాలు. 90 కేలరీలు రావాలంటే జీడిపప్పు పది పదకొండు గింజలు చాలు, వాటితో వచ్చే ప్రొటీన్ 3 గ్రాములు. ఉడికించిన వేరుశనగ గింజలైతే 30 గ్రాముల లోపే, దాదాపు 4 గ్రాముల ప్రొటీన్. అవే 90 కేలరీలకు ఎడమామే 75 గ్రాములు తినొచ్చు, 9 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. కడుపు నిండిన తృప్తి ఎక్కడ ఎక్కువో చూడండి. జీడిపప్పులో, వేరుశనగలో ఉన్నది మంచి కొవ్వే, కాని గుప్పెడు తినబోయి గిన్నెడు తినేస్తాం. బక్కగా ఉన్న పిల్లలకు, కాయకష్టం చేసేవాళ్లకు శనక్కాయలే మేలు, వాళ్లకు ఆ కేలరీలు కావాలి. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లకు ఎడమామే మేలు.

రక్తం తక్కువ ఉందన్నారు. ఇది తింటే పెరుగుతుందా?

ఇది ఒక్కటే తింటే పెరగదు. స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. 100 గ్రాముల ఎడమామేలో ఉన్నది 2.3. అందులోనూ ఫైటేట్ అనే పదార్థం కొంత ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గింజల మీద నిమ్మకాయ పిండితే పట్టడం మెరుగవుతుంది. టీ తాగుతూ తింటే తగ్గుతుంది. మన దగ్గర సాయంత్రం చిరుతిండి పక్కన టీ గ్లాసు లేకుండా ఉండదు, అదే చిక్కు. గంట ఎడం ఇవ్వండి. ఫోలేట్ లోపంతో వచ్చే రక్తహీనతలో మాత్రం ఇది గట్టిగా సాయపడుతుంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు ఆపి దీన్ని తినడం తప్పు.

బరువు తగ్గుతామా?

ఇది తిన్నందుకు ఎవరూ తగ్గరు, దీన్ని దేనికి బదులు తిన్నారన్నదే లెక్క. రోజూ సాయంత్రం నూనెలో వేగినది తినే మనిషి దానికి బదులు వారంలో నాలుగు రోజులు ఎడమామే తింటే తేడా వస్తుంది. బజ్జీలూ తిని, ఇదీ తింటే ఇంకో 90 కేలరీలు చేరతాయి. కాయ ఒలుచుకు తినడంలో ఒక లాభం ఉంది. చెయ్యి నెమ్మదిస్తుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరే వ్యవధి దొరుకుతుంది.

మీల్ మేకర్ కూడా సోయానే కదా, అది చాలదా?

ప్రొటీన్ ఒక్కటే కావాలంటే చాలు, చవక కూడా. మీల్ మేకర్ అంటే నూనె తీసేసిన సోయా పిండిని ఒత్తి చేసినది. ఎండుగా ఉన్నప్పుడు 100 గ్రాముల్లో 50 గ్రాములు పైన ప్రొటీన్ ఉంటుంది. నానితే నీళ్లు చేరి ఆ అంకె బాగా తగ్గుతుంది, మీరు వండేది 20, 30 గ్రాములే. ఎడమామే మాత్రం మిల్లు మొహం చూడని గింజ. కొవ్వు, ఫోలేట్, విటమిన్ కె, తీపి అన్నీ దానిలోనే ఉన్నాయి. కూరకు మీల్ మేకర్, చిరుతిండికి ఎడమామే అనుకోండి.

పాలు పడవు. పాలకు బదులు ఇది సరిపోతుందా?

సరిపోదు. పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఎడమామేలో 100 గ్రాములకు 63. బి12 అసలు లేదు. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, ముందు అది చూసుకోండి. చోళ్లు, నువ్వులు, ముళ్లతో నమిలే చిన్నచేపలు కాల్షియంకి మన ప్రాంతంలో చక్కని దారులు.

## వండుకునేటప్పుడు

పచ్చిగానే తినేయొచ్చా?

వద్దు. పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలు, లెక్టిన్లు ఉంటాయి. మొదటివి ప్రొటీన్ అరగనివ్వవు, రెండోవి కడుపునొప్పి, వాంతులు తెస్తాయి. వేడికి ఈ రెండూ చాలావరకు నశిస్తాయి. ఫ్రీజర్ ప్యాకెట్‌లోది ముందే వేడినీళ్లలో ముంచినదైనా తినే ముందు మళ్లీ మరిగించాలి. గడ్డకట్టే చలికి చావని లిస్టీరియా లాంటి సూక్ష్మజీవులు ఉంటాయి. పిల్లలు ఐసులా చప్పరిస్తుంటే ఆపండి.

ఎంతసేపు ఉడికించాలి? కుక్కర్లో పెట్టొచ్చా?

గిన్నెలో నీళ్లు బాగా తెర్లనివ్వండి. గడ్డకట్టిన కాయల్ని నేరుగా అందులో వేయండి, ముందు కరిగించే పని లేదు. వేయగానే తెర్లడం ఆగుతుంది. మళ్లీ తెర్లడం మొదలయ్యాక నాలుగైదు నిమిషాలు. తాజా కాయలైతే ఏడెనిమిది నిమిషాలు. ఒక గింజ తీసి కొరికి చూడండి. మెత్తగా ఉంటూనే పంటికి కొంచెం ఎదురు తగలాలి. వెంటనే వార్చి చన్నీళ్లు పోస్తే ఆకుపచ్చ రంగు నిలుస్తుంది.

కుక్కర్ వద్దు. కందికాయలకు అలవాటైన చేత్తో నేనూ మొదటిసారి కుక్కర్లోనే పెట్టాను. మూడు కూతలకి గింజ చిదిగిపోయి రంగు బూడిద తిరిగింది, తీపి నీళ్లలోకి పోయింది. పోషకం పూర్తిగా పోదు గాని, ఆ రోజు ఇంట్లో ఎవరూ రెండో కాయ ముట్టలేదు.

చప్పగా ఉంటోంది. మనవాళ్లకు నచ్చేలా ఎలా చేయాలి?

ఒలిచిన గింజలకు గుగ్గిళ్ల పోపు పెట్టండి. చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి, ఉడికిన గింజలు వేసి ఒక్కసారి తిప్పి దించేయాలి. పైన కొబ్బరి కోరు, నిమ్మరసం. వేయిస్తూ కూర్చుంటే గింజ గట్టిపడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, పచ్చిమామిడి ముక్కలు కలిపితే వేసవిలో బాగుంటుంది. ఆవపెట్టి చూసినవాళ్లు కూడా ఉన్నారు, గింజ తీపికి ఆవ ఘాటు బాగానే కుదిరింది.

ఉప్పు ఎంత వేయాలి?

జపాన్ పద్ధతిలో లీటరు నీళ్లకు 40 గ్రాముల దాకా ఉప్పు వేస్తారు. మనకు అంత వద్దు. ఊరగాయ, ఎండుచేప, అప్పడంతో మన ఉప్పు రోజూ ఎక్కువే అవుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజంతటికీ 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. నీళ్లలో ఉప్పు మానేసి, ఉడికాక కాయల మీద చిటికెడు చల్లండి. కాయను పెదాలతో పట్టి గింజ లాగేటప్పుడు ఆ చిటికెడే నాలుకకు తగులుతుంది. తొక్కతో పాటు మిగతాది బయటికి పోతుంది.

వేయించిన ఎడమామే ప్యాకెట్లు వస్తున్నాయి. అవీ అంతేనా?

అవి ఎండిన చిరుతిండి. నీళ్లు పోవడం వల్ల 100 గ్రాముల్లో ప్రొటీన్ 40 గ్రాములు దాటుతుంది, కేలరీలూ 400 దాటుతాయి. ప్రయాణాలకు బాగుంటాయి. 30 గ్రాములతో ఆపేయాలి. నూనెలో వేయించిందా, పొడిగా వేయించిందా, ఉప్పెంత అన్నవి ప్యాకెట్ వెనక చూడండి.

కరెంటు పోతే ఫ్రీజర్లోది ఏం చేయాలి?

తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుతుంది. మామూలు కోతలకు భయం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లలో కరెంటు రోజుల తరబడి రాలేదు. అలాంటప్పుడు ఫ్రీజర్లో ఉన్నదేదీ దాచుకోకూడదు. తుపాను హెచ్చరిక రాగానే ఉడికించి ఇంటిల్లిపాదీ తినేయండి. వండిన గింజలు మన తీరం ఉక్కలో రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి.

## ఎవరు తినొచ్చు, ఎవరు ఆగాలి

మాది ఉద్దానం. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది. పెట్టొచ్చా?

డాక్టర్ని అడగకుండా పెట్టకండి. అన్ని ప్రశ్నల్లోకీ నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి, మామూలు మనుషులకు మేలు చేసే పొటాషియం, ఫాస్ఫరస్, ప్రొటీన్‌లే భారమవుతాయి. 100 గ్రాముల ఎడమామేలో పొటాషియం 430 మిల్లీగ్రాములు పైన, ఫాస్ఫరస్ 170 దగ్గర. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. డయాలసిస్ మొదలుకాని వాళ్లకు సాధారణంగా ప్రొటీన్ తగ్గించమంటారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రొటీన్ పెంచమంటారు, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత పోతుంది. కాబట్టి పక్కింటి రోగికి చెప్పిన మాట మీ ఇంటి రోగికి వర్తించదు. తాజా రక్తపరీక్ష కాగితం పట్టుకుని పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో, మీరు చూపించుకునే చోటనో 'ఈ గింజ, ఇంత' అని చూపించి అడగండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎప్పుడూ చేయించుకోని ఉద్దానం వాళ్లు రోజూ తినే కొత్త ప్రొటీన్ తిండి ఏది మొదలుపెట్టే ముందైనా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

షుగర్ ఉంది. తినొచ్చా?

తినొచ్చు. 100 గ్రాముల గింజల్లో పిండిపదార్థం 9 గ్రాములే, సగానికి పైగా పీచు. రక్తంలో చక్కెర నెమ్మదిగా, కొద్దిగానే పెరుగుతుంది. అన్నం తగ్గించి దీన్ని చేర్చినప్పుడే ఫలితం కనబడుతుంది. షుగర్‌తో పాటు కిడ్నీ కూడా దెబ్బతిని ఉంటే సొంతంగా మొదలుపెట్టకండి.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. సోయా తినకూడదంటున్నారు?

సోయా ఆ మాత్రను పేగుల్లో సరిగా పట్టనివ్వదు, అంతవరకు నిజం. పొద్దున పరగడుపున మాత్ర, సాయంత్రం ఎడమామే అయితే గొడవ లేదు. నాలుగు గంటల ఎడం ఉంటే చాలు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్‌ను సోయా చెడగొడుతుందన్నదానికి ఆధారం లేదు.

మగవాళ్లు తింటే హార్మోన్లు దెబ్బతింటాయట, నిజమేనా?

ఈ భయంతో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు వస్తుంటారు, అందరూ లోగొంతుకతోనే అడుగుతారు. సోయాలో ఐసోఫ్లేవోన్లు ఉంటాయి, వాటి ఆకారం స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటుంది. పోలిక ఉంది గాని, పని చాలా బలహీనం. మగవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో మరోసారి విశ్లేషించారు. సోయా వల్ల టెస్టోస్టెరాన్ తగ్గలేదని రెండుసార్లూ తేలింది. సాయంత్రం గిన్నెడు గింజలతో ఏమీ కాదు. 20 గ్రాముల ప్రొటీన్ కావాలంటే మాత్రం 170 గ్రాముల గింజలు, అంటే తొక్కతో 340 గ్రాముల కాయలు తినాలి. జేబు చూసుకుని నిర్ణయించుకోండి, గుడ్లు కూడా ఉన్నాయి.

కడుపుతో ఉన్న అమ్మాయికి పెట్టొచ్చా?

బాగా ఉడికించి పెట్టండి. గర్భిణికి రోజుకు 570 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి, 100 గ్రాముల గింజల్లోనే 310 ఉంది. బిడ్డ వెన్నుపాము ఏర్పడే తొలి వారాల్లో ఇది ఎంతో అవసరం. అయినా ఫోలిక్ యాసిడ్ మాత్రకు ఇది బదులు కాదు, రెండూ ఉండాలి. సోయా ఎప్పుడూ తినని అమ్మాయికి మొదట నాలుగైదు గింజలు పెట్టి చూడండి.

చిన్నపిల్లలకు?

నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజ అలాగే ఇవ్వకండి. గుండ్రంగా, జారుడుగా ఉంటుంది, గొంతులో అడ్డుపడుతుంది. మెత్తగా చిదిపి అన్నంలో కలిపి పెట్టండి. బడి పిల్లలకు ఒలుచుకునే సరదా ఉంటుంది, ఆటలో తినేస్తారు.

తింటే గ్యాస్ పడుతోంది. దద్దుర్లు కూడా వచ్చాయి.

ఈ రెండూ వేర్వేరు. గ్యాస్ అయితే కొద్దిగా మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుకుంటే పేగులు అలవాటు పడతాయి. దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది ఎలర్జీ. వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి, మళ్లీ ప్రయత్నించకూడదు. ప్యాకెట్ ఆహారాల మీద సోయా ఉందని ప్రకటించడం మన దేశంలో తప్పనిసరి, ఎలర్జీ ఉన్నవాళ్లు ఆ వరుస వెతికి చదవాలి.

గుండెకు మంచిదంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను మరి?

ఆ మాత్రల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవాళ్లు విటమిన్ కె తినడంలో రోజూ ఒకే తీరు పాటించాలి. 100 గ్రాముల ఎడమామేలో 27 మైక్రోగ్రాములు ఉంది, ఆకుకూరల ముందు ఇది తక్కువే. ఒకరోజు గంపెడు, పది రోజులు ఏమీ లేదు అన్నట్టు తినకుండా ఉంటే సరి, డాక్టరుకి చెప్పండి. ఇక గుండెకు మంచిదన్న మాట సంగతి. సోయా ప్రొటీన్ రోజుకు 25 గ్రాములు తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో ఒప్పుకుంది. రుజువులు నిలకడగా లేవంటూ 2017లో ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. మంచి తిండే, మందు కాదు.

## పెంచుకోవాలనుకుంటే

మా పొలంలో వేయొచ్చా?

పెరట్లో నాలుగు వరసలు వేసి చూడండి, ఎకరాలకు ఎకరాలు వేయకండి. మామూలు సోయాలో వంద ఎండు గింజలు 10 నుంచి 13 గ్రాములు తూగుతాయి. ఎడమామే కోసం పెంచే కూర సోయా రకాల్లో 30 గ్రాములు దాటాలన్నది లెక్క. కాబట్టి విత్తనం వేరే కావాలి. మన దేశంలో రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కేంద్రం 'స్వర్ణ వసుంధర'ను, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 'కరుణె'ను కూర సోయాగా తీసుకొచ్చాయి.

సోయా పగటి పొద్దును బట్టి పూసే మొక్క. తొలకరిలో వేస్తే ఎదుగుతుంది, శీతాకాలంలో పొద్దు తగ్గాక వేస్తే మొక్క పొట్టిగా ఉండగానే పూసేస్తుంది. నీరు నిలిచే వరి మడిలో వద్దు, మెట్ట కావాలి. ఎప్పుడూ సోయా వేయని మన నేలల్లో దాని వేరుబుడిపెల సూక్ష్మజీవి ఉండదు, రైజోబియం కల్చర్ పట్టించి విత్తాలి. ఇంకొక సంగతి, మన తేమకి సోయా విత్తనం ఇట్టే మొలకశక్తి కోల్పోతుంది. నిరుటి విత్తనం నమ్ముకోవద్దు, గుప్పెడు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోండి. మందు కలిపిన విత్తనం మిగిలిందని వండుకోవడం ప్రాణం మీదకి తెస్తుంది.

సలహాకు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల దగ్గరలోనే ఉన్నాయి.

కాయ ఎప్పుడు కోయాలి?

గింజలు కాయను ముప్పాతిక పైన నింపి, కాయ ఇంకా పచ్చగా ఉన్నప్పుడు. ఆ అదను కొద్ది రోజులే ఉంటుంది. తొక్క పసుపు తిరిగిందంటే గింజ ముదిరింది, తీపి పోయింది. చల్లటి పొద్దున కోసి, కోసిన పూటే ఉడికించండి. ఎక్కువ వస్తే రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, చన్నీళ్లలో చల్లార్చి, తడి ఆరాక ఫ్రీజర్లో పెట్టుకోండి. అదను దాటిన కాయల్ని చెట్టు మీదే ఎండనిచ్చి పిండి పట్టించుకోవచ్చు.